"లైన్" అంటే అసలు ఎన్ని అర్థాలు? మా అల్లుడికి ఎవరైనా చెప్పండి

బ్రాడీపేట బాబాయ్

అందరికీ నమస్కారం. చిన్న సమస్య, నవ్వకండి. మా అల్లుడు పుట్టి పెరిగింది ఢిల్లీలో. వాళ్లది తెలుగు కుటుంబమే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కాకపోతే అది ముప్పై ఏళ్ల కిందట వాళ్ల నాన్నగారు ఊరు వదిలినప్పుడు మూటగట్టుకెళ్లిన తెలుగు. ఈసారి పదిరోజులు సెలవు పెట్టుకుని గుంటూరు వచ్చాడు. మొదటిరోజు రాత్రి భోజనాల దగ్గర, "మామయ్యగారూ, ఇక్కడ లైన్ అంటే ఏంటండీ?" అని అడిగాడు. పొద్దున్నుంచి విన్నవన్నీ ఫోన్‌లో రాసుకున్నాడట.

స్టేషన్ దగ్గర ఆటో అతను "బ్రాడీపేటలో ఏ లైను సార్" అన్నాడు. మా ఆవిడ "కరెంటు పోయింది, లైన్‌మన్‌కి ఫోన్ చెయ్యండి" అంది. నేను బ్యాంకు నుంచి ఫోన్ చేసి "లైన్‌లో ఉన్నాను, అరగంట పడుతుంది" అన్నాను, ఆయన ఫోన్ లైన్‌లో ఉండమన్నాననుకుని చాలాసేపు చెవికి పెట్టుకుని కూర్చున్నాడట పాపం. పక్కింటాయన "మీది ఏ లైన్ బాబూ" అంటే "నాలుగో లైనండీ" అని చెప్పాడు. ఆయన అడిగింది ఉద్యోగం గురించి. ఇక మా బావమరిది కొడుకు ఎవడి గురించో "వాడు ఆ అమ్మాయికి లైన్ వేస్తున్నాడు" అంటే, కరెంటు కనెక్షన్ ఇస్తున్నాడనుకున్నాడు!

నాకు తెలిసినవి చెప్పాను. చెప్తుంటే నాకే అనుమానం వచ్చింది, ఒక్క మాటకి ఇన్ని ఎక్కడినుంచి వచ్చి పడ్డాయి అని. మీమీ పనుల్లో మీరు ఈ మాటని ఎలా వాడతారో రాయండి, ఆయనకి చూపిస్తాను.

బెజవాడ బుల్లెట్

బాబాయ్, ముందు మీ గుంటూరోళ్లు వీధిని లైను అనడం మానేస్తే సగం సమస్య తీరుద్ది. మా బెజవాడలో ఎంత హాయి, అన్నీ సెంటర్లే.

బ్రాడీపేట బాబాయ్

మీ సెంటర్ల సంగతి మాకు తెలుసులే. నాలుగు రోడ్లు కలిస్తే సెంటరు, రెండు కలిసినా సెంటరే, ఏమీ కలవకపోయినా ఒక టీ కొట్టుంటే సెంటరే. మా దగ్గర లెక్క ఉంది. బ్రాడీపేటలో గానీ అరండల్‌పేటలో గానీ 4/14 అన్నామంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అంతే, ఎవర్నీ దారి అడగక్కర్లా, అంకెలు చూసుకుంటూ వెళ్తే ఆ మూల మీద తేల్తావ్. రైల్వే లైనుకి అటు అరండల్‌పేట, ఇటు బ్రాడీపేట, మధ్యలో శంకర్ విలాస్ బ్రిడ్జి. మా అల్లుడు మాత్రం 4/14 చూసి అది ఇంటి నంబరు అనుకుని గేటు గేటుకీ చూసుకుంటూ పోయాడు.

బెజవాడ బుల్లెట్

పేట పేరు మర్చిపోతే? 4/14 అక్కడా ఉంది ఇక్కడా ఉంది. బ్రిడ్జి అవతల పేటకెళ్లి బెల్లు కొట్టాలి. నాకు జరిగింది, పెళ్లిపిలుపు కార్డు వేరేవాళ్లకి ఇచ్చొచ్చా. వాళ్లు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు కూడా.

ఇంగ్లీషు టీచరమ్మ

బాబాయ్ గారూ, నేను తెనాలిలో ఇంగ్లీషు చెప్తాను. మంచి ప్రశ్న అడిగారు మీ అల్లుడుగారు. ఈ మాట పుట్టుక తెలిస్తే మిగతావి చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

లైన్ అంటే మొదట గీత కాదండీ, దారం. లాటిన్‌లో అవిసె మొక్కని లీనమ్ అంటారు. ఆ నారతో పేనిన దారం లీనియా. అదే ఇంగ్లీషులోకి వచ్చి లైన్ అయింది. లినెన్ చీరలు కట్టుకుంటున్నాం కదా ఈమధ్య, ఆ లినెన్ అదే అవిసె నార. పొద్దున్నే పొడి కొట్టుకుని మజ్జిగలో తాగే అవిసె గింజల్ని ఇంగ్లీషులో లిన్‌సీడ్ అంటారు, అందులో లిన్ కూడా అదే. వాటి నూనెతో చేసి నేల మీద పరిచే లినోలియం కూడా.

దారాన్ని బిగించి లాగితే తిన్నగా ఉంటుంది కాబట్టి తిన్నటి గీత లైన్ అయింది. దారం మీద పూసలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నట్టు మనుషులు నిలబడితే అదీ లైనే. దారంలా సాగిపోయే తీగ లైన్, దారంలా సాగే దారి లైన్, తాతనుంచి మనవడి దాకా తెగకుండా వచ్చే వంశం కూడా ఇంగ్లీషులో లైనే. ఒక మనిషి బతుకుతెరువు పట్టుకుని వెళ్లే దారి కూడా అంతే, మీ పక్కింటాయన అడిగింది ఆ లైను.

కృష్ణలంక సూదిదారం

అక్కా ఒక్క నిమిషం. మేం జాకెట్లకి వేసే లైనింగ్ కూడా ఇదేనా? నేను ఇరవై ఏళ్లుగా లైనింగ్ జాకెట్లు కుడుతున్నా, లైన్ కి లైనింగ్ కి ఏం సంబంధమో ఎప్పుడూ ఆలోచించలా. లైనింగ్ గుడ్డలో గీతలేమీ ఉండవు కదా అనుకునేదాన్ని.

ఇంగ్లీషు టీచరమ్మ

అదేనమ్మా. వాళ్ల దేశంలో పైన ఉన్ని బట్ట, లోపల ఒంటికి తగిలేచోట మెత్తగా లినెన్ గుడ్డ వేసి కుట్టేవాళ్లు. అలా లోపల లినెన్ వెయ్యడమే లైనింగ్ అయింది. ఇప్పుడు నువ్వు కాటన్ వేసినా పాప్లిన్ వేసినా పేరు మాత్రం పాతదే. ఆడవాళ్ల లోదుస్తుల షాపుల బోర్డు మీద లాంజరీ అని ఉంటుంది చూడు, అదీ ఫ్రెంచి వాళ్ల చేతుల మీదుగా వచ్చిన ఈ లినెన్ పిల్లే.

కృష్ణలంక సూదిదారం

అయ్యో రామ. రేపటినుంచి లైనింగ్ కి యాభై ఎక్కువ తీసుకుంటా, లాటిన్ అని చెప్పి.

మేస్త్రీ ముచ్చట్లు

టీచరమ్మగారు చెప్పింది చదివి మా ఇంట్లో వాళ్లకి కూడా వినిపించాను. ఎందుకంటే మా పనిలో ఇప్పటికీ లైన్ అంటే దారమేనండీ, లైన్‌దారం అంటాం. నేను తాడేపల్లిలో ఇళ్లు కడతాను. గోడ లేపాలంటే ముందు రెండు మూలల్లో ఇటుకలు పెట్టి, గుండు వేసి నిలువు చూసుకుని, రసమట్టంతో అడ్డం చూసుకుని, అప్పుడు ఈ మూలనుంచి ఆ మూలకి నైలాన్ దారం కడతాం, మీటితే మోగాలి, అంత బిగువు. ఇంక మధ్యలో ఇటుకలన్నీ ఆ దారం చూసుకుని పేర్చుకుపోవడమే. ఒక వరస అయ్యాక దారం ఇంకో ఇటుక పైకి లేస్తుంది.

కొత్త కుర్రాళ్లకి మొదట నేర్పేది ఒకటే: ఇటుక దారాన్ని తాకకూడదు. వెంట్రుకవాసి ఎడం ఉండాలి. ఒక్కడు దారానికి ఆనించి పెట్టాడంటే దారం బైటికి తోసుకుంటుంది, వాడి పక్కవాడు ఆ తోసిన దారాన్నే చూసి పెడతాడు, పది ఇటుకలు పోయేసరికి గోడకి పొట్ట వస్తుంది. గోడ బాగా పొడుగైతే దారం మధ్యలో జారుతుంది కాబట్టి అక్కడొక ఇటుక ఆసరా పెడతాం. ఒకసారి మధ్యాహ్నం మేం భోజనాలకి కూర్చున్నప్పుడు ఇంటి ఓనరు పిల్లాడు ఆ దారం విప్పేసి గాలిపటానికి కట్టుకున్నాడు. గోడ కట్టడం ఆగింది, గాలిపటం మాత్రం బ్రహ్మాండంగా ఎగిరింది.

బ్రాడీపేట బాబాయ్

మేస్త్రీగారూ, మీరు రాసింది అల్లుడికి చదివి వినిపించాను, ఆ ఇటుక దారాన్ని తాకకూడదన్న మాట రెండుసార్లు చదివించుకున్నాడు. ఆయన సాఫ్ట్‌వేర్ లైన్. అక్కడ కూడా లైన్లే రాస్తారట, లెక్క లైన్లలోనే చెప్పుకుంటారట.

రైలు తాతయ్య

రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను, సత్యనారాయణపురం వైపు ఉంటాను. మా ఊళ్లో లైన్ అంటే ఇంకో అర్థం చెప్పక్కర్లేదు. బెజవాడ స్టేషన్‌లో నిలబడితే కాజీపేట లైను, మద్రాసు లైను, వాల్తేరు లైను, గుంటూరు లైను, గుడివాడ లైను, ఇవన్నీ అక్కడినుంచి విడిపోతాయి. చెన్నై, విశాఖ అని మార్చి పిలవడం నాకు నోరు తిరగదు, క్షమించండి.

మీ అల్లుడికి లైన్ క్లియర్ గురించి చెప్పండి. ఒక స్టేషన్ నుంచి బండి వదలాలంటే అవతలి స్టేషన్ మాస్టర్‌ని అడగాలి, మధ్యలో లైను ఖాళీగా ఉంది, నువ్వు పంపొచ్చు అని ఆయన ఒప్పుకోవడమే లైన్ క్లియర్. సింగిల్ లైన్ సెక్షన్లలో దానికి రుజువుగా మిషన్‌లోంచి ఒక ఇనప గోళీ బయటికొచ్చేది. దాన్ని తోలు సంచిలో వేసి, పెద్ద కమ్మీ రింగుకి తగిలించి డ్రైవర్‌కి ఇచ్చేవాళ్లు. ఆగని బండి అయితే రింగు ఎత్తి పట్టుకుని ప్లాట్‌ఫాం చివర నిలబడేవాడు పాయింట్స్‌మన్, డ్రైవర్ పక్కనున్నాయన చెయ్యి బయటపెట్టి మోచేతికి తగిలించుకునేవాడు. రాత్రిపూట వానలో ఆ రింగు అందుకోవడం చూడాలి మీరు. అది చేతిలో లేకుండా బండి ఆ సెక్షన్‌లోకి అడుగుపెట్టకూడదు.

ఇంకోటి లూప్ లైన్. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తుంటే ప్యాసింజర్‌ని పక్కకి తీసి నిలబెట్టే లైను. అక్కడ ఎంతసేపు పడుకోబెడతారో దేవుడికే తెలియాలి.

అమరావతి రోడ్డు

ఆ లూప్ లైన్ ఇప్పుడు పేపర్లలో కూడా ఉంది తాతగారూ. ఎవరైనా ఆఫీసర్‌ని పని లేని పోస్టులో పడేస్తే "లూప్‌లైన్‌లో పెట్టారు" అని రాస్తారు. రైలు ఎక్కని వాళ్లకి కూడా అర్థమైపోతుంది.

పదకొండు కేవీ

రైలు తాతయ్య గారూ, మీ లైన్ క్లియర్ కీ మా లైన్ క్లియర్ కీ పూర్తిగా తేడా అండీ. నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. మేం దాన్ని ఎల్‌సీ అంటాం. లైన్ మీద పని చెయ్యాలంటే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ తీసుకోవాలి. అంటే ఆ ఫీడర్ బంద్ చేయించి, అది బంద్ అయిందని వాళ్ల నోటితో విని, రాయించుకోవాలి. అయినా నమ్మకూడదు, పనిచేసేచోటికి రెండువైపులా ఎర్త్ రాడ్లు తగిలించాకే చెయ్యి పెట్టాలి, ఎందుకంటే ఏ ఇంట్లోనో జనరేటర్ నుంచి వెనక్కి కూడా రావచ్చు కరెంటు. పని అయ్యాక ఎల్‌సీ రిటర్న్ ఇస్తేనే మళ్లీ ఛార్జ్ చేస్తారు.

మీకు లైన్ క్లియర్ అంటే "బండి రావచ్చు". మాకు లైన్ క్లియర్ అంటే "ఏదీ రాకూడదు, పైన మనిషి ఉన్నాడు". ఒకే మాట. నా సర్వీసు మొదట్లో మా సీనియర్ ఒకాయన చెప్పేవాడు, ఎల్‌సీ అనే రెండక్షరాలు సరిగ్గా వినకపోతే మూడో అక్షరం వినడానికి మనం ఉండం అని. బాబాయ్ గారూ, మీ ఆవిడగారు లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే ఎత్తకపోతే తిట్టుకోకండి, స్తంభం మీద ఉండి ఉంటాడు.

బ్రాడీపేట బాబాయ్

మా ఆవిడకి ఇది చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలా. కాసేపాగి "ఇంకోసారి వస్తే మజ్జిగ ఇవ్వాలి" అంది.

బెజవాడ బుల్లెట్

మూడో లైన్ క్లియర్ కూడా ఉంది. "ఫలానా నాయకుడి టికెట్‌కు లైన్ క్లియర్" అని ఎలక్షన్ల ముందు రోజూ వస్తుంది. అక్కడ బండి వస్తుందో రాదో లిస్టు వచ్చిందాకా ఎవరికీ తెలీదు, ఏ రింగూ ఏ గోళీ ఉండదు.

ఆటోనగర్ లారీ

మాది లారీల లైన్. మా దగ్గర "లైన్ మీద ఉన్నాడు" అంటే బండి వేసుకుని దూరం వెళ్లాడని. లోకల్ కొట్టే డ్రైవర్ వేరు, లైన్ డ్రైవర్ వేరు. మా నాన్న లైన్ మీద ఉన్నప్పుడు నేను పుట్టా. తిరిగొచ్చేదాకా పేరు పెట్టకూడదని మా నాయనమ్మ పట్టు, నాకు ఇరవై రోజులపాటు పేరు లేదు. ఇంట్లో ఎవరైనా "మీ ఆయన ఏడమ్మా" అంటే మా అమ్మ "లైన్ మీద" అనేది, ఆ ఒక్క మాటలో కోల్‌కతా ఉండొచ్చు, ఇండోర్ ఉండొచ్చు, టైరు పంచరై ఏ దాబా దగ్గరో కూర్చుని ఉండొచ్చు. సెల్‌ఫోన్లు లేవుగా అప్పట్లో.

వన్‌టౌన్ సేల్స్

మాదీ లైనే అన్నా. సబ్బులు పేస్టుల డిస్ట్రిబ్యూషన్. "లైన్‌కి వెళ్లొచ్చా" అంటాం. వారానికి రోజుకో లైన్, ఒకరోజు గొల్లపూడి, ఒకరోజు సింగ్‌నగర్, ఒకరోజు పటమట. ఆ వీధిలో కొట్లన్నీ ఎక్కి దిగి ఆర్డర్లు రాసుకుని రావాలి. నాకు ఇరవై రోజులు పేరు లేకపోవడం లాంటి కథలేమీ లేవు, మోకాళ్ల నొప్పులున్నాయి.

స్టాఫ్ నర్సు

మా లైన్ కూడా రాసుకోండి. వార్డులో "లైన్ పెట్టారా?" అంటే నరంలోకి సూది పెట్టి గొట్టం బిగించడం. "లైన్ దొరకట్లేదు" అంటే నరం దొరకట్లేదని. పెద్దవయసు వాళ్లకి, నీరసంగా ఉన్న చిన్నపిల్లలకి నరాలు కుంగిపోయి ఉంటాయి, చేతి వెనక తడుతూ వెతకాలి. ఒకసారి ఒక పెద్దాయన, "లైన్ దొరకట్లేదు సిస్టర్" అని మా అమ్మాయి అంటే, "నా సెల్‌లో ట్రై చెయ్యమ్మా, సిగ్నల్ బాగుంటుంది" అన్నాడు.

టీచరమ్మగారూ, సెలైన్ కూడా ఇందులోదేనా?

ఇంగ్లీషు టీచరమ్మ

కాదండీ, అది వేరే ఇల్లు. సెలైన్ లాటిన్ సాల్ నుంచి వచ్చింది, ఉప్పు. ఉప్పునీళ్లు కదా ఎక్కించేది. చివర చప్పుడు కలిసినంత మాత్రాన చుట్టాలు అయిపోరు.

ఆ మాటకొస్తే మనం రోడ్ల విషయంలో చేసేది కూడా ఇదే. ఫోర్ లైన్ రోడ్డు, సిక్స్ లైన్ రోడ్డు అంటాం. అది లేన్, లైన్ కాదు. లేన్ అంటే సందు. కానీ జనం నోట్లో రోడ్డు మీద తెల్లగీతలు కనిపిస్తాయి కాబట్టి లైనే నిలబడింది. నేను క్లాసులో దిద్దుతాను, ఇంటికెళ్లేటప్పుడు ఆటోలో నేనూ సిక్స్ లైన్ అనే అంటాను.

అమరావతి రోడ్డు

ఇందాకటినుంచి చూస్తున్నా. అందరూ లైను లైను అని మురిసిపోతున్నారు గానీ తెలుగులో మాటలు లేకనా? గీత ఉంది, రేఖ ఉంది, బారు ఉంది, పంక్తి ఉంది, తీగ ఉంది, వీధి ఉంది. ఒక్కో పనికి ఒక్కో మాట శుభ్రంగా ఉంటే, అన్నిటికీ ఒకే ఇంగ్లీషు ముక్క తగిలించి, తర్వాత అల్లుడికి అర్థం కాలేదని బాధపడటం దేనికి? తప్పు అల్లుడిది కాదు. పైగా గుళ్లో చూడండి, క్యూలైన్ అంటారు! క్యూ అంటే లైనే, మళ్లీ లైన్ ఎందుకు?

బెజవాడ బుల్లెట్

క్యూలైన్ జోలికి రావద్దన్నా. దసరాకి ఇంద్రకీలాద్రి మీద మూలా నక్షత్రం రోజున వినాయకుడి గుడి దగ్గర్నుంచి తెల్లారుజామున నిలబడ్డవాడికి అడుగు. ఒక్క మాట సరిపోదు దానికి, రెండు కావాలి. అందులో టికెట్ లైను, ఉచిత లైను అని మళ్లీ రకాలు.

ఇంగ్లీషు టీచరమ్మ

క్యూ అంటే ఫ్రెంచిలో తోక. కాబట్టి మనది తోకదారం అన్నమాట, గాలిపటం వాడిది లాగా.

అమరావతి రోడ్డు గారూ, మీ కోపం నాకు అర్థమైంది, కానీ ఒక్క మాటకి ఇన్ని అర్థాలు ఇంగ్లీషు వాళ్ల జబ్బు కాదండీ. దారం నుంచి బయల్దేరి ఊరంతా తిరగడం మనకీ ఉంది. సూత్రం అంటే సంస్కృతంలో దారమే. అదే లెక్కల్లో సూత్రం అయింది, వ్యాకరణంలో ఒక్క ముక్క నియమం సూత్రం అయింది, నాటకాన్ని నడిపేవాడు సూత్రధారి అయ్యాడు, మెడలో మంగళసూత్రం అయింది.

రైలు తాతయ్య

తంతి కూడా అంతే కదమ్మా. వీణకి తంతులు, టెలిగ్రాఫుకీ తంతే. తంతి తపాలా శాఖ అనేవాళ్లం. ఇంటికి టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. 2013 జులైలో ఆపేశారు దాన్ని. నా పెళ్లికి వచ్చిన శుభాకాంక్షల తంతులు ఇప్పటికీ ఉన్నాయి ట్రంకుపెట్టెలో, వాటిని చూసి కూడా మా అత్తగారు ముందు గుండె పట్టుకుందట.

పొన్నూరు రైతు

మీరందరూ పెద్దపెద్ద విషయాలు మాట్లాడుతున్నారు. నాకు తెలిసిన లైన్ ఆన్‌లైన్. మా ఊళ్లో ఆన్‌లైన్ అంటే ఇంటర్నెట్ కాదు. "నీ పొలం ఆన్‌లైన్ అయిందా?" అంటే కంప్యూటర్‌లో భూమి రికార్డుల్లో, అంటే అడంగల్, 1బీలో నీ పేరు ఎక్కిందా అని. అది ఎక్కకపోతే లోను రాదు, అమ్ముదామన్నా కొనేవాడు ముందు అదే అడుగుతాడు. మా తాత నాటి దస్తావేజు ఉంది, పాస్‌బుక్కు ఉంది, పొలంలో నేను ఉన్నాను, వరి ఉంది. ఆన్‌లైన్‌లో మాత్రం నేను లేను, నా సర్వే నంబరు ఎదురుగా పక్కచేను వాడి పేరు ఉంది. ఆఫీసుకి వెళ్తే "ఆన్‌లైన్‌లో మీరు లేరండీ" అని నా మొహం చూసే చెప్పారు. ఎదురుగా నిలబడి ఉన్నానయ్యా నేను! ఆర్నెల్లు తిరిగాక ఎక్కింది, ఇంటిపేరులో అక్షరం తప్పుతో. మళ్లీ తిరుగుతున్నా.

మా అమ్మ అయితే దాన్ని ఆల్లైను అంటది. "ఆల్లైను అయ్యిందా అబ్బాయ్" అని రోజూ అడుగుతది, జ్వరం తగ్గిందా అని అడిగినట్టు.

మేస్త్రీ ముచ్చట్లు

రైతన్నా, మా దగ్గర ఇల్లు కట్టేటప్పుడు ముగ్గు పోసి హద్దు గీస్తాం, గీత అవతలవాడు ఒప్పుకోడు. నీది గీత సరిగ్గానే ఉంది, పేరే అవతల పడింది.

గాంధీనగర్ పోస్టర్

సినిమా లైన్ ఎవరూ చెప్పలేదేంటి? మా నాన్న గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో చేశాడు. కథంతా ఒక్క ముక్కలో చెప్తే అది లైను. "లైన్ బాగుంది, ట్రీట్‌మెంట్ చెడగొట్టాడు" అనేది ఆయన ప్రతి శుక్రవారం మ్యాట్నీ నుంచి వచ్చాక. సీన్లన్నీ వరసగా రాసుకుంటే వన్‌లైన్ ఆర్డర్. పేజీలు పేజీలు ఉంటుంది, పేరు మాత్రం వన్‌లైన్.

బెజవాడ బుల్లెట్

డెడ్‌లైన్ మర్చిపోయారు. మా మేనేజర్ రోజుకి పదిసార్లు అంటాడు.

ఇంగ్లీషు టీచరమ్మ

అది మొదట నిజంగానే చావు గీత. అమెరికా అంతర్యుద్ధం అప్పుడు, 1864లో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ అనే ఖైదీల శిబిరంలో గోడకి లోపలివైపు కొంత దూరంలో చిన్న కంచె ఉండేది. దాన్ని దాటిన ఖైదీని కాపలావాళ్లు కాల్చేసేవాళ్లు. దాన్ని డెడ్‌లైన్ అన్నారు. పత్రికలవాళ్ల చేతిలో పడి గడువు అయింది తర్వాత. మీ మేనేజర్‌కి చెప్పండి.

బెజవాడ బుల్లెట్

చెప్పను మేడమ్. ఐడియా ఇచ్చినట్టుంటది.

అసలు బాబాయ్, మీ అల్లుడు అడిగినవాటిల్లో ముఖ్యమైంది ఎవరూ ముట్టుకోలా. లైన్ వేయడం! ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపుల దగ్గర పుస్తకం తిరగేసి పట్టుకుని నిలబడ్డ బ్యాచ్ మాది. మేం "లైన్ వేస్తున్నా" అంటే మాట్లాడేంత ధైర్యం కూడా లేదని అర్థం. ఆ పిల్ల వెళ్లే టైముకి అక్కడ ఉండటం, అంతే. దారం అన్నారుగా, గాలం వేసినట్టే అనుకోండి, ఎర లేని గాలం.

కృష్ణలంక సూదిదారం

పక్కనుంచి నడిచెళ్లే వాళ్లని కూడా అడగాలి తమ్ముడూ, అది గాలమో ముల్లుకంపో. మేం ఆ సందు మానేసి చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లం.

బెజవాడ బుల్లెట్

నిజమే అక్కా. అప్పుడు తెలీలా. ఇప్పుడు నాకూ కూతురుంది.

అమరావతి రోడ్డు

నేను ఇందాక రాసిన జాబితాలో ఒక మాట వదిలేశాను. వరస. మేస్త్రీగారు ఇటుకల వరస అన్నారు చూడండి, అప్పుడు గుర్తొచ్చింది. పేపర్లవాళ్లు ఫోర్ లైన్ రోడ్డుని నాలుగు వరసల రహదారి అని రాస్తారు. మనుషులు నిలబడితే వరస. చుట్టరికం వరస, నీకు వరసకి ఏమవుతాడు అంటాం, మేనబావ అయితే వరసైన వాడు అంటాం. పాటకి వరస కడతారు. "వీడి వరస చూస్తుంటే" అంటే ప్రవర్తన. ఒకదాని తర్వాత ఒకటి జరిగితే వరసపెట్టి. టీచరమ్మగారు చెప్పిన వంశం లైనూ, మనుషుల లైనూ, రోడ్డు లైనూ అన్నీ ఇందులో పడతాయి. కరెంటూ ఫోనూ తప్ప. ఒప్పుకుంటున్నాను, ఒక మాట ఊరంతా తిరగడం తప్పేమీ కాదు. కానీ మన దగ్గర అంత మాట ఉండి కూడా లైను అంటున్నామనేది అలాగే ఉంది నాకు.

పదకొండు కేవీ

పదకొండు కేవీ వరస తెగిందని చెప్తే మా ఏఈ గారు నన్ను చుట్టాలింటికి పొమ్మంటారు సార్.

బ్రాడీపేట బాబాయ్

అందరికీ చాలా థాంక్స్. అల్లుడు మొత్తం చదివాడు, కొన్ని నేను చదివిపెట్టాను. పొన్నూరు రైతు గారి ఇంటిపేరు ఏమైందో ఎవరైనా కనుక్కోండని కూడా అన్నాడు. ఈయన నిన్నటినుంచి "వరస" కొత్తగా నేర్చుకున్నాడు, అమరావతి రోడ్డు గారి పుణ్యమా అని. వరస అంటే లైన్ అని ఫోన్‌లో రాసుకున్నాడు.

రాత్రి మా అన్నయ్య వాళ్లింట్లో భోజనాలు. ఈయన కూర్చున్నచోటునుంచి లేచి పిల్లలకి వడ్డించడం, పెద్దవాళ్ల దగ్గరికెళ్లి పలకరించడం అవీ చూసి, మా అన్నయ్య ముచ్చటపడి అందరిముందూ "అల్లుడుగారి వరస నాకు బాగా నచ్చిందిరా" అన్నాడు. ఈయన మొహం పాలిపోయింది. చెయ్యి కడుక్కునే దగ్గర నన్ను పక్కకి పిలిచి, "మామయ్యగారూ, ఒట్టు, నేనెవరికీ లైన్ వెయ్యలేదండీ" అన్నాడు.